కాంగ్రెస్ సోషలిజమా, స్వతంత్ర పార్టీ స్వేచ్ఛా: రైతుకు, కూలీకి ఏది మేలు?

1959 జనవరిలో నాగపూర్‌లో జరిగిన కాంగ్రెస్ మహాసభ వ్యవసాయంపై ఒక తీర్మానం చేసింది. రైతుల కమతాలను కలిపి ఉమ్మడిగా సాగుచేయాలనీ, భూమిపై ఎవరి హక్కు వారికే ఉంచుతూ పంటను మాత్రం భూమిని బట్టీ, చేసిన పనిని బట్టీ పంచుకోవాలనీ, అందుకు ముందుగా మూడేళ్లపాటు ఊరూరా సేవా సహకార సంఘాలు నెలకొల్పాలనీ, భూపరిమితి చట్టాలు ఆ ఏడాది చివరికల్లా పూర్తికావాలనీ, మిగులు భూమి పంచాయతీలకు చెందాలనీ దాని సారాంశం. కాంగ్రెస్ పార్లమెంటరీ పక్షానికి కార్యదర్శిగా ఉన్న ఆచార్య ఎన్.జి. రంగా దీన్ని అంగీకరించలేక పార్టీని వదిలారు. ఆ జూన్‌లో మద్రాసులో రాజాజీ, మినూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీ స్థాపనను ప్రకటించారు. నిడుబ్రోలు రైతుబిడ్డ రంగాయే దానికి తొలి అధ్యక్షుడు.

స్వతంత్ర భారతంలో రెండు పార్టీలు నాయకుల తగాదాల మీద కాక నమ్మకాల మీద, అవీ కాగితం మీద పెట్టిన నమ్మకాల మీద తలపడిన సందర్భాలు తక్కువ. ఇది అలాంటిది. కాంగ్రెస్ 1955 జనవరిలో ఆవడి మహాసభలో సోషలిస్టు తరహా సమాజమే తన లక్ష్యమని ప్రకటించింది. స్వతంత్ర పార్టీ 21 సూత్రాలు రాసుకుని, పౌరుడి జీవితంలో ప్రభుత్వ జోక్యం ఎంత తగ్గితే దేశానికి అంత మేలని చెప్పింది. ఏది మేలు అన్న ప్రశ్నకు నా సమాధానం ముందే చెబుతాను. చేతిలో ఎంతో కొంత ఆస్తి, కాస్త చొరవ ఉన్న మనిషి విషయంలో స్వతంత్ర పార్టీ చెప్పినవాటిలో ఎక్కువ భాగం నిజమైంది. ఏమీ లేని మనిషి గురించి చెప్పడానికి దాని దగ్గర పెద్దగా ఏమీ లేదు. కాంగ్రెస్ ఆ రెండో మనిషిని గుర్తించింది గానీ, అతని పేరు మీద కట్టిన యంత్రాంగం చాలాచోట్ల అతన్ని చేరకముందే ఆగిపోయింది.

భూమి సంగతి మొదట చూడాలి, ఎందుకంటే గొడవ మొదలైంది అక్కడే. కాంగ్రెస్ ఆలోచనలో చిన్న కమతం దేశ దారిద్ర్యానికి ఒక మూలకారణం. రెండెకరాల రైతు ట్రాక్టరు కొనలేడు, బావి తవ్వించలేడు, అప్పు పుట్టించుకోలేడు కాబట్టి పదిమంది కలిస్తే తప్ప దిగుబడి పెరగదని నెహ్రూ నమ్మారు. రంగా నమ్మకం దీనికి పూర్తిగా ఎదురు. తన పొలంలో తన కుటుంబంతో కలిసి చెమటోడ్చే రైతు చూపే శ్రద్ధ, కమిటీ చెప్పినట్టు పనిచేసే సభ్యుడు చూపడనీ, సొంత భూమి పోయిన రైతుకు సొంత గొంతు కూడా పోతుందనీ ఆయన వాదించారు. జమీందారీ వ్యవస్థ మీద ఏళ్ల తరబడి పోరాడిన మనిషి కాబట్టి ఈ మాటను భూస్వామి పలుకుగా కొట్టిపారేయడానికి వీల్లేదు. కాలం కూడా ఈ విషయంలో రంగా వైపే నిలిచింది. ఉమ్మడి సాగు దేశంలో ఎక్కడా చెప్పుకోదగ్గ స్థాయిలో వేళ్లూనలేదు. 1960ల చివర్లో తిండిగింజల కరువును తీర్చిన హరిత విప్లవం కొత్త వంగడాలు, ఎరువులు, నీరు, మద్దతు ధర అందుకున్న విడి విడి రైతుల చేతుల మీదుగానే జరిగింది. అయితే ఆ వంగడాలను, కాలువలను, ధరలను సమకూర్చింది ప్రభుత్వమే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ లేకుండా పల్నాటి, నల్లగొండ మెట్ట భూముల కథ ఎలా ఉండేదో ఊహించుకోవడం కష్టం. స్వతంత్ర పార్టీ కూడా అలాంటి పనులను కాదనలేదు. రైల్వేల వంటి జాతీయ సేవలు, ప్రైవేటు పెట్టుబడి చేరలేని భారీ పరిశ్రమలు ప్రభుత్వం చేపట్టవచ్చని దాని సూత్రాల్లోనే ఉంది. ఆ పార్టీ ప్రభుత్వమే వద్దన్నదన్న ప్రచారం సరికాదు.

భూపరిమితి దగ్గరకు వచ్చేసరికి తూకం మారుతుంది. నగరంలో మిల్లు యజమాని ఆదాయానికి లేని పరిమితి పల్లెలో రైతు భూమికి మాత్రం ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆ ప్రశ్న వేసినవారు, తరతరాలుగా ఎవరి పేరునా సెంటు భూమి లేని పాలేరు కుటుంబానికి ఏ దారి చూపించారు? స్వతంత్ర పార్టీ గాంధీజీ చెప్పిన ధర్మకర్తృత్వాన్ని, అంటే ఉన్నవాడు తన సంపదకు తానే ధర్మకర్తగా మెలగాలన్న భావనను ముందుకు తెచ్చింది. మంచి మనసున్న యజమాని దొరికిన కూలీకి అది చాలు. దొరకని కూలీకి చట్టమే కావాలి. ఇక్కడ కాంగ్రెస్ నమ్మకమే మేలైనదని నేననుకుంటాను. ఆచరణ మాత్రం వేరు. 1961 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం నేల రకాన్ని బట్టి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా ఉంచుకోనిచ్చింది. అలాంటి పరిమితి వల్ల పంచడానికి మిగులు భూమి పెద్దగా రాదని లెక్కలు రానివారికి కూడా అర్థమవుతుంది. 1973 చట్టం దాన్ని మాగాణికి 10 నుంచి 27 ఎకరాలకు, మెట్టకు 35 నుంచి 54 ఎకరాలకు తగ్గించింది. అప్పటికే ఎందరో పెద్ద రైతులు భూములను బంధువుల పేర్లకు మార్చేసుకున్నారు. నిజానికి కాంగ్రెస్‌లో చట్టం చేసే నాయకులూ, చట్టం తగిలే భూస్వాములూ తరచు ఒకే కుటుంబాలవారు కావడం ఆ పార్టీ విశ్వాసానికి తగిలిన అతి పెద్ద దెబ్బ. ఇక కౌలు రైతును చర్చకు నడిమధ్యన నిలిపిన పార్టీ ఈ రెండింటిలో ఏదీ కాదు. 1956లో ఆంధ్ర ప్రాంతానికి కౌలుదారీ చట్టం వచ్చినా, పట్టా ఉన్నవాడే రైతు అన్న అలవాటు ఇద్దరిలోనూ మిగిలింది.

ధాన్యం వ్యాపారంలో ఈ తేడా ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. 1957లో ఆంధ్ర, మద్రాసు, మైసూరు, కేరళ రాష్ట్రాలను కలిపి, లోపల బియ్యం స్వేచ్ఛగా కదిలే దక్షిణ బియ్యం మండలంగా చేశారు. తర్వాత 1964లో కొరత ముదిరినప్పుడు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే ఒక మండలమైంది, బియ్యం సరిహద్దు దాటకుండా కట్టడి వచ్చింది. గోదావరి డెల్టాలో పండిన బియ్యానికి కేరళలో మంచి ధర ఉన్నా రైతు దాన్ని అందుకోలేకపోయాడు. స్వతంత్ర పార్టీకి ఇది కళ్లముందున్న అన్యాయం. రాజాజీకి ఈ విషయంలో సొంత అనుభవం కూడా ఉంది: ఆంధ్ర జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న 1952లో, ముఖ్యమంత్రిగా ఆయన ఆహార ధాన్యాల కంట్రోళ్లు ఎత్తేశారు, దాచిన ధాన్యం బజారుకు వచ్చింది. కాంగ్రెస్ వైపు వాదన కూడా బలహీనమైనది కాదు. బజారును పూర్తిగా వదిలేస్తే కొరత ఏడాదిలో ధాన్యం డబ్బున్న చోటికే పోతుంది, రేషన్ కార్డు మీద బతికే ఇంటికి రాదు. 1965లో ఆహార సంస్థను, వ్యవసాయ ధరల కమిషన్‌ను పెట్టి రైతుకు కనీస ధర, పేదకు రేషన్ అనే రెండు కొసలనూ కలపాలని చూశారు. పంట రైతుది, ఆకలి కూలీది. ఇద్దరి ప్రయోజనాలూ ఒకటేనని ఇరు పార్టీలూ చెప్పినా, కొరత ఏడాదుల్లో అది నిజం కాదు. ఇక్కడ నేను కాంగ్రెస్ వైపు కొద్దిగా మొగ్గుతాను. అయితే రైతుకు పోయిన ధరను ఖజానా నుంచి భర్తీ చేయకుండా, ఆ నష్టాన్ని అతని మీదనే ఉంచడం తప్పే.

లైసెన్సుల విషయంలో మాత్రం నాకు సందేహం లేదు. 1951 పరిశ్రమల చట్టం ప్రకారం కొత్త పరిశ్రమ పెట్టాలన్నా, ఉన్నదాన్ని పెంచాలన్నా, కొత్త సరుకు తయారుచేయాలన్నా, ఫ్యాక్టరీని మరోచోటికి మార్చాలన్నా అనుమతి కావాలి. 1956 పారిశ్రామిక విధానం 17 పరిశ్రమలను ప్రభుత్వానికే కేటాయించింది. ఉక్కు, విద్యుత్తు వంటివాటికి దీనిలో అర్థం ఉంది. కానీ 1958లో బియ్యం మిల్లుల నియంత్రణ చట్టం తెచ్చారు. దంపుడు బియ్యం మీద బతికేవారిని కాపాడాలన్న ఉద్దేశం మంచిదే. దాని ఫలితంగా, కాలువ గట్టున నాలుగు ఊళ్ల ధాన్యం ఆడించడానికి చిన్న మిల్లు పెట్టుకుందామనుకున్న రైతుకు కట్టడానికి ముందు పర్మిటూ, నడపడానికి లైసెన్సూ అవసరమయ్యాయి. అప్పటికే మిల్లున్నవాడికి పోటీ తగ్గింది, దస్త్రం కదిపే గుమాస్తాకు పరపతి పెరిగింది. దంపుళ్లు మాత్రం బతకలేదు. రాజాజీ లైసెన్సు పర్మిట్ రాజ్యమని పేరుపెట్టి ఎదిరించింది దీన్నే. సమానత్వం పేరిట పుట్టిన నియంత్రణ పెద్దవాడికి కోట అవుతుందని ఆయన అన్నప్పుడు పెట్టుబడిదారుల మనిషి అన్నారు. 1991 జులైలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం కొన్ని పరిశ్రమలకు తప్ప మిగిలినవాటికి లైసెన్సు తీసేసినప్పుడు ఆ మాటలు కాంగ్రెస్ నోటనే వినిపించాయి. 1972లో ముఖ్యమంత్రిగా భూసంస్కరణలకు పూనుకుని పదవికే ముప్పు తెచ్చుకున్నదీ ఆ పి.వి.యే. ఒకే మనిషి రెండు పనులూ చేయడంలో నాకు వైరుధ్యం కనబడదు. భూమి లేనివాడికి భూమి ఇప్పించడం, పని చేయగలిగినవాడికి అడ్డు తొలగించడం కలిసి నడవగలిగినవే.

బ్యాంకుల జాతీయీకరణలో స్వతంత్ర పార్టీ ఎక్కువగా పొరబడిందని నా అభిప్రాయం. 1969 జులై 19న ఇందిరాగాంధీ 50 కోట్లకు పైగా డిపాజిట్లున్న 14 బ్యాంకులను జాతీయం చేశారు. స్వతంత్ర పార్టీ ప్రధాన కార్యదర్శి ఆర్.సి. కూపర్ సుప్రీంకోర్టుకు వెళ్లి 1970 ఫిబ్రవరిలో ఆ చట్టాన్ని కొట్టివేయించారు. ప్రభుత్వం వెంటనే మరో చట్టం తెచ్చింది. వాటాదారులకు న్యాయమైన పరిహారం రావాలన్న కూపర్ వాదన చట్టపరంగా నిలిచింది. కానీ 1951-52 గ్రామీణ పరపతి సర్వే ప్రకారం రైతుల అప్పుల్లో వాణిజ్య బ్యాంకుల వంతు 1 శాతం కూడా లేదు. వడ్డీ వ్యాపారి గుమ్మంలో నిలబడిన రైతుకు, బ్యాంకుల యాజమాన్య స్వేచ్ఛ గురించి చెప్పి ఒప్పించడం ఎవరి తరమూ కాదు. జాతీయీకరణ తర్వాత పల్లెల్లో శాఖలు వేల సంఖ్యలో తెరిచారు. పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు రెండో విడతలో, 1980లో ప్రభుత్వపరమైంది. రాజకీయ సిఫార్సు రుణాలు, ఎగవేతలు తర్వాత నిజంగానే వచ్చాయి. అయినా శాఖ ఉండి దాన్ని సరిదిద్దుకోవడం, శాఖే లేకపోవడం కన్నా మేలు.

విదేశాంగ విధానంలో కాంగ్రెస్ అలీనవాదాన్ని, స్వతంత్ర పార్టీ పశ్చిమ దేశాలతో స్నేహాన్ని కోరింది. 1962 చైనా యుద్ధం తర్వాత స్వతంత్ర వాదనకు బలం చేకూరింది గానీ ఓట్లు దాని వల్ల వచ్చినట్టు కనబడదు. 1962లో లోక్‌సభలో 18 స్థానాలు గెలిచిన ఆ పార్టీ 1967లో 44తో అతి పెద్ద ప్రతిపక్షమైంది. 1971లో 8కి పడిపోయింది. ఆ 44లో ఒడిశా, రాజస్థాన్, గుజరాత్‌ల రాజవంశీకుల వాటా చిన్నది కాదు. జమీందార్ల మీద పోరాడిన రంగా, జయపూర్ మహారాణి గాయత్రీదేవి ఒకే వరుసలో కూర్చోవడం చూసిన ఓటరు ఈ పార్టీ ఎవరిదని అడగకుండా ఎలా ఉంటాడు? ఆంధ్రలో మాత్రం దాని రూపం వేరు. 1967లో శాసనసభలో 29 స్థానాలతో ప్రధాన ప్రతిపక్షంగా నిలిచింది. దాని నాయకుడు గౌతు లచ్చన్న సోంపేట ప్రాంతపు గీత కార్మికుల, రైతుల మనిషి. పార్టీలోపలి స్వేచ్ఛ విషయంలో అది కాంగ్రెస్ కన్నా ఎంతో ముందుంది. 21 సూత్రాలకు బయటి విషయాల్లో సభ్యులు తమ అభిప్రాయాన్ని తాము చెప్పుకోవచ్చని రాసుకున్న పార్టీ అది. ఈనాటి విప్‌ల రాజకీయాలను చూస్తున్నవారికి ఆ నియమం విలువ తెలుస్తుంది.

చివరికి అన్నీ ఆస్తి హక్కు దగ్గరకే చేరతాయి. 1967 ఫిబ్రవరిలో మన తెలుగువారైన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు నేతృత్వంలోని ధర్మాసనం, గోలక్‌నాథ్ కేసులో 6–5 తేడాతో, ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదన్నది. ఆ ఏడాదే ఆయన పదవి వదిలి ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీచేశారు, స్వతంత్ర పార్టీ ఆయన వెనుక నిలిచింది. ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల జాబితా నుంచి తీసేసింది కాంగ్రెస్ కాదు. 1978లో 44వ సవరణతో జనతా ప్రభుత్వం. స్వతంత్ర పార్టీ 1974లో చరణ్ సింగ్ భారతీయ లోక్ దళ్‌లో కలిసి, అక్కడి నుంచి జనతాలోకి వెళ్లింది. ఆ ప్రభుత్వంలో ఆర్థిక మంత్రి హెచ్.ఎం. పటేల్ పాత స్వతంత్ర నాయకుడే. ఆ హక్కు ఇప్పుడు ప్రాథమిక హక్కు కాని మామూలు రాజ్యాంగ హక్కుగా 300ఎ అధికరణంలో ఉంది. కానీ 1964లో కాంగ్రెస్ తెచ్చిన, స్వతంత్ర పార్టీ తీవ్రంగా వ్యతిరేకించిన 17వ సవరణ 31ఎ అధికరణంలో ఒక షరతు చేర్చింది: పరిమితికి లోబడి స్వయంగా సాగుచేసుకుంటున్న భూమిని ప్రభుత్వం తీసుకుంటే మార్కెట్ ధరకు తగ్గకుండా పరిహారం ఇవ్వాలి. పెద్ద కమతాలను పంచే దారి మూయకుండా, చిన్న రైతు పొలానికి రక్షణ ఇచ్చే ఆ షరతు ఇప్పటికీ రాజ్యాంగంలో ఉంది.