అప్‌గ్రేడ్ మధ్యలో ఆగిపోతే ఏది మేలు: వేచి చూడటమా, ఆపేయడమా, ఫార్మాట్ చేయించడమా?

చిక్కడపల్లిలో మా బాబాయికి డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే) దుకాణం ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు అక్కడ తయారవుతాయి. మాఘమాసపు ముహూర్తాలు దగ్గర పడుతున్న రోజుల్లో ఒక రాత్రి ఆయన ఫోన్ చేశారు. విండోస్ 10 నుంచి 11కు అప్‌గ్రేడ్ పెట్టారట. మూడు గంటలుగా 61 శాతం దగ్గరే నిలిచిపోయిందట. "స్విచ్ తీసేయమంటావా? లేకపోతే పొద్దున్నే కుర్రాణ్ణి పిలిచి ఫార్మాట్ చేయించమంటావా?" అని అడిగారు. ఆయన గొంతులో కంగారు తెలుస్తూనే ఉంది.

"బాబాయ్, ఇప్పుడే దాన్ని ముట్టుకోకండి. ముందు క్యాబినెట్ మీద చిన్న లైటు చూడండి, మిణుకుమిణుకుమంటోందా?" అన్నాను.

నేను మొదట వేచి చూడమంటాను. తెర మీద కనిపించే శాతాన్ని పట్టుకుని నిర్ణయం తీసుకోకూడదు. అది జరిగిన పనికి సరైన కొలత కాదు. ఒక్కోసారి ఒకే అంకె దగ్గర గంటలు గడుస్తాయి, ఆ తరువాత నిమిషాల్లో పని పూర్తవుతుంది. పాత రకం హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్‌లో ఇది మరీ ఎక్కువ. డిస్క్ లైటు అప్పుడప్పుడైనా వెలుగుతోందా, కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కితే దాని దీపం మారుతోందా అన్నవి చూడాలి. రెండింటిలో ఏదైనా జరుగుతుంటే లోపల ప్రాణం ఉన్నట్టే. ఆ స్థితిలో కరెంటు తీస్తే, సగం రాసిన ఫైళ్లు సగంలోనే మిగిలే ప్రమాదం ఉంది. కాబట్టి రాత్రంతా వదిలేయడమే మంచిది. మన ఊళ్లో గాలివాన వస్తే కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. దుకాణాల్లో ఉండే మామూలు యూపీఎస్ కొద్ది నిమిషాలే నిలబెడుతుంది. వాన సూచన ఉన్న సాయంత్రం అసలు అప్‌గ్రేడ్ మొదలుపెట్టవద్దు.

తెల్లవారాక కూడా అంకె మారలేదు. డిస్క్ లైటు పూర్తిగా ఆరిపోయింది, క్యాప్స్ లాక్ నొక్కినా దీపం కదలలేదు. అప్పుడు మాత్రమే ఆపేయమన్నాను. ఆపేముందు ప్రింటర్, పెన్‌డ్రైవ్, బయట తగిలించిన హార్డ్ డిస్క్ అన్నీ తీయించాను. కీబోర్డు, మౌస్ మాత్రమే ఉంచి, కంప్యూటర్ ఆరిపోయేదాకా పవర్ బటన్ నొక్కి పట్టుకోమన్నాను. చాలామంది భయపడేది ఇక్కడే. కానీ కొత్త విండోస్ ఎక్కించేటప్పుడు పాతది వెంటనే చెరిగిపోదు. దాన్ని పక్కకు జరిపి ఉంచుతుంది. పని విఫలమైతే పాతదాన్నే తిరిగి నిలబెట్టే ఏర్పాటు ఉంటుంది. బాబాయి కంప్యూటర్ మళ్లీ వెలిగి, చేసిన మార్పులను వెనక్కి తీసుకుంటున్నట్టు చూపించి, అరగంటకు పాత విండోస్ 10ను తెచ్చి పెట్టింది. ఇది ప్రతిసారీ జరుగుతుందని హామీ ఇవ్వలేను. అందుకే దీన్ని రెండో దారిగానే చూస్తాను.

ఇక ఫార్మాట్. మరమ్మతుకు వచ్చే కుర్రాళ్లలో చాలామంది ముందుగా చెప్పే మాట ఇదే. గంటలో పని అయిపోతుంది కాబట్టి వాళ్లకు సులువు. యజమానికి మాత్రం కాదు. డీటీపీ కంప్యూటర్‌లో ఉండేది విండోస్ ఒక్కటే కాదు కదా! పేజీలు కూర్చే పాత ప్రోగ్రాం పేజ్‌మేకర్ ఉంటుంది. 2001లో వచ్చిన 7.0 తరువాత దానికి మరో పెద్ద వెర్షన్ రాలేదు. 'అను' అనే తెలుగు ఫాంట్లు ఉంటాయి, చేతికి అలవాటైన కీబోర్డు లేఅవుట్ ఉంటుంది, పదేళ్ల శుభలేఖల నమూనాలు ఉంటాయి. డేటాను పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తుకున్నా, ఆ పాత ప్రోగ్రాముల సీడీలు ఎక్కడున్నాయో వెతకాలి. యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే అక్షరాల పద్ధతి) కాని ఇలాంటి ఫాంటులో కూర్చిన పేజీ ఆ ఫాంటు లేకపోతే అర్థం లేని గుర్తులుగా మారిపోతుంది. సీజన్‌లో ఆ నష్టం మామూలుది కాదు.

అందుకే బాబాయికి మరో దారి పట్టించాను. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి విండోస్ 11 ఐఎస్‌ఓ ఫైలు (ఇన్‌స్టాల్ సామాను మొత్తం ఉండే ఒకే ఫైలు) దించుకుని, నడుస్తున్న పాత విండోస్ లోపలే దాన్ని తెరిచి సెటప్ నడపాలి. అప్పుడు ఫైళ్లను, ప్రోగ్రాములను ఉంచమంటారా అని అడుగుతుంది. ఇక్కడ చాలామంది పొరబడతారు. అదే విండోస్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, కంప్యూటర్‌ను ఆ పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చేస్తే ప్రోగ్రాములను ఉంచుకునే వీలు ఉండదు, అది కొత్తగా వేయడమే అవుతుంది. సామాను ఒకటే, మొదలుపెట్టే చోటును బట్టి ఫలితం మారిపోతుంది.

దానికి ముందు ఆగిపోవడానికి కారణం ఏమిటో చూడాలి, లేకపోతే మళ్లీ అక్కడే ఆగుతుంది. బాబాయి సీ డ్రైవ్‌లో 9 జీబీ మాత్రమే ఖాళీగా ఉంది. డౌన్‌లోడ్స్ నిండా కస్టమర్లు పంపిన ఫొటోలే! వాటిని వేరే డ్రైవ్‌లోకి మార్చి 30 జీబీ దాకా ఖాళీ చేశాం. విడిగా వేసుకున్న యాంటీవైరస్‌ను తాత్కాలికంగా తీసేశాం. పని ఫైళ్లకు, ఫాంట్ల ఫోల్డరుకు రెండుచోట్ల నకళ్లు పెట్టాం. బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ ఏర్పాటు) ఉన్న లాప్‌టాప్ అయితే 48 అంకెల రికవరీ కీ ముందే రాసి పెట్టుకోవాలి.

డిస్కే పాడైందనిపిస్తే, అప్పుడు కొత్తగా వేయడం తప్పదు. అప్పుడు కూడా పాత డిస్కును ఫార్మాట్ చేయనివ్వకండి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీకి వెళ్లి ఒక ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్త రకం డిస్కు) కొని, విండోస్‌ను దాని మీద వేయించుకోండి. పాత డిస్కు అలాగే దాచుకోవచ్చు.

అప్‌గ్రేడ్ అసలు మానుకోవచ్చా? విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. ఇళ్లలో వాడేవారికి అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం గడువు 2026 అక్టోబర్ 13. విండోస్ 11 అడిగే భద్రతా చిప్ టీపీఎం 2.0 లేని పాత కంప్యూటర్ అయితే ఆ పథకంలో చేరి, ఈలోగా కొత్తదానికి డబ్బు కూడబెట్టుకోవడం సబబే. విండోస్‌కు బదులు వాడే లినక్స్ నాకు ఇష్టమే. కానీ పేజ్‌మేకర్ మీద బతికే దుకాణానికి దాన్ని సిఫారసు చేయను.

రెండో ప్రయత్నంలో అంకె 61 దాటేసరికి బాబాయి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. సాయంత్రానికి విండోస్ 11 వచ్చింది. నచ్చకపోతే పది రోజుల్లోగా సెట్టింగుల నుంచి వెనక్కి వెళ్లవచ్చని చెప్పాను. ఆయన వినిపించుకోలేదు. అప్పటికే ఒక శుభలేఖ తెరిచి, "లక్ష్మీ"లో ఒత్తు సరిగ్గా పడిందా లేదా అని తెరకు దగ్గరగా వంగి చూస్తున్నారు.