వీ1, వీ2, వీ3 చార్ట్ కొంటున్నారా? ముందు ‘లై’ వరుస చూడండి

గోడకు తగిలించే ఇర్రెగ్యులర్ వెర్బ్స్ (చివర ‘ed’ చేర్చే మామూలు పద్ధతికి లొంగని ఇంగ్లిష్ క్రియలు) చార్టులన్నీ దాదాపు ఒకే అచ్చు. మూడు నిలువు వరుసలు (వీ1 మూలరూపం, వీ2 గడిచిన కాలపు రూపం, వీ3 ‘హ్యావ్’ లాంటివాటి వెంట వచ్చే రూపం), ఎ నుంచి జెడ్ దాకా వంద, నూటయాభై క్రియలు. వాటిలో అచ్చుతప్పులు తక్కువే. లోటంతా అమరికలోనే.

అక్షరక్రమం వెతుక్కోవడానికి బాగుంటుంది, నేర్చుకోవడానికి కాదు. డ్రింక్–డ్రాంక్–డ్రంక్ ఒక మూల, రింగ్–ర్యాంగ్–రంగ్ ఇంకో మూల పడతాయి. ఇవి ఒకే బాణీవి. పక్కపక్కన ఉంటే స్విమ్–స్వామ్–స్వమ్ చార్ట్ చూడకుండానే నోటికొస్తుంది. అందుకే బాణీల వారీగా విడదీసిన చార్టే కొనండి: మూడూ ఒకటే (కట్, పుట్, హిట్), చివరి రెండూ ఒకటే (టీచ్–టాట్–టాట్), మొదటిదీ చివరిదీ ఒకటే (కమ్–కేమ్–కమ్), మూడూ వేరు (గో–వెంట్–గాన్). బాణీని గుడ్డిగా నమ్మినా చిక్కే. బ్రింగ్‌ను రింగ్ వరసలో లాగి ‘బ్ర్యాంగ్’ అనేస్తారు. దానికి బ్రాట్ అని అక్కడే గుర్తు పెట్టిన చార్ట్ మేలు.

పలికే తీరు ఇవ్వని చార్టుకు సగం మార్కులే. రీడ్‌కు మూడు గళ్లలోనూ స్పెల్లింగ్ ఒకటే, కానీ రెండోదీ మూడోదీ ‘రెడ్’ అని పలకాలి. సే పక్కనున్నది ‘సెడ్’, ‘సెయిడ్’ కాదు. అచ్చు చూసి ఇది తెలియదు.

ఇక లై. పడుకోవడానికి లై–లే–లెయిన్. ఏదైనా ఒకచోట పెట్టడానికి లే–లెయిడ్–లెయిడ్. అబద్ధమాడటానికి లై–లైడ్–లైడ్, ఇది మామూలు క్రియే. మొదటిదాని వీ2, రెండోదాని వీ1 ఒకటే కావడంతో గందరగోళమంతా. మూడింటికీ అర్థాలు రాసి ఉంటే, ఆ చార్ట్ తయారుచేసినవాళ్లు శ్రద్ధ పెట్టినట్టే. లర్న్‌కు లర్న్‌డ్, లర్న్‌ట్ రెండూ ఇచ్చారా, గెట్‌కు వీ3గా అమెరికన్లు వాడే గాటెన్‌ను ప్రస్తావించారా అన్నవి ఆ తర్వాత.

ఎంత మంచి చార్టయినా చెప్పనిది, ఏ రూపం వాక్యంలో ఎక్కడ కూర్చుంటుందన్నది. చార్ట్ మొత్తం అప్పజెప్పగలవాళ్లే ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అంటుంటారు. గడిచిన కాలాన్ని ‘డిడ్’ మోసేసింది, కనుక దాని వెనక ‘గో’నే రావాలి. వీ3 ఒంటరిగా నిలబడదు. ‘ఐ సీన్ హిమ్’ తప్పు, ‘ఐ హ్యావ్ సా హిమ్’ కూడా తప్పే. ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’లో రూపాలన్నీ సరైనవే, అయినా వాక్యం చెల్లదు, నిన్న అన్నాక ‘ఐ సా హిమ్’ అనాలి. ప్రతి క్రియకూ కనీసం ఒక వాక్యమైనా లేని చార్టుతో ఈ తప్పులు పోవు.

వాడేటప్పుడు రెండు గళ్లను కాగితంతో మూసి, వీ1 చూస్తూ మిగతావి పైకి చెప్పాలి. చెప్పిన వెంటనే ఒకటి డిడ్‌తో, ఒకటి హ్యావ్‌తో, ఒకటి యెస్టర్‌డేతో, మూడు వాక్యాలు. రోజుకు ఐదారు క్రియలు చాలు. బి, హ్యావ్, డూ, సే, గో, గెట్, మేక్, నో, టేక్, సీ ముందు పట్టండి, ఎందుకంటే అందరూ ఎక్కువగా వాడేవి ఇవే. స్లే, స్మైట్ లాంటివి చార్టులో చోటు నింపడానికి తప్ప మాటల్లో తగలవు, వాటిని ఇప్పుడు వదిలేసినా నష్టం లేదు.