జాగ్రత్త: పాలమూరు ఆదివారం షాడోరన్ టేబుల్‌కి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

కోపం మీదే రాస్తున్నాను, అటూ ఇటూ అయితే సర్దుకోండి. ఆయన పేరు రాయను. షాడోరన్ అంటే టేబుల్ చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర వేసి, పాచికలతో ఆడే సైబర్ లోకపు ఆట. మహబూబ్‌నగర్‌లో డబ్బు తీసుకుని అది ఆడించేది ఎవరో మన వాళ్లందరికీ తెలుసు. నాలుగు ఆదివారాల సీటు, దాంతోపాటు హ్యాకింగ్ రూల్సన్నీ తెలుగులో ఒక లామినేషన్ కార్డు మీద, అన్నీ కలిపి రెండున్నర వేలు. ఆ ప్యాకేజీ మెసేజ్ మీక్కూడా వచ్చే ఉంటుంది. నాకూ మా బావకూ కలిపి ఐదు వేలు అప్పటికప్పుడు యూపీఐలో కొట్టేశాను. బేరం కూడా ఆడలేదు, అంత సంబరం మరి.

మా మిర్యాలగూడలో ఈ ఆట ఆడేది మేమిద్దరమే. అందుకే హాలియా, మల్లేపల్లి, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా బస్సులు మారుకుంటూ పోయాం. మొదటి వారం బాగానే గడిచింది. పాత్రలు తయారు చేసుకోవడం, పరిచయాలు, చాయ్, మిర్చి బజ్జీ. బజ్జీలు బాగున్నాయి, అబద్ధమెందుకు.

అసలు కథ రెండో వారం. ఒక కంపెనీ గోదాములోకి దొంగతనంగా దూరాలి. నేను డెక్కర్‌ని, అంటే హ్యాకింగ్ నా పని. మా బావ కత్తి పట్టుకునే రకం, కుడి చెయ్యి మొత్తం సైబర్ చెయ్యి, అంటే యంత్రపు చెయ్యి. లోపలికి పోయే ముందే బావ గట్టిగా, అందరూ వినేలా చెప్పాడు: "చెయ్యి వైర్‌లెస్ ఆఫ్ చేస్తున్నానన్నా." ఆయన తలూపి రాసుకున్నాడు. నేనేమో నా డెక్‌ని, అంటే హ్యాకింగ్ యంత్రాన్ని, సైలెంట్‌లో పెట్టాను, అంటే కనబడకుండా దాచాను. ఈ ఆట ఐదో ఎడిషన్‌లో సైలెంట్‌గా నడిస్తే మ్యాట్రిక్స్‌లో, అంటే ఆటలోని నెట్‌వర్క్‌లో, చేసే ప్రతి పనికీ రెండు పాచికలు తగ్గుతాయి. అది ఆయన ఒక్కసారి కూడా మర్చిపోలేదు. నేను పాచికలు చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ "రెండు తియ్యి తమ్ముడూ" అని వేలు చూపించాడు. తాళం దగ్గర తీశాను, కెమెరా దగ్గర తీశాను, లిఫ్ట్ దగ్గర తీశాను. రూలు రూలే కదా అని నోరు మూసుకుని తీశాను.

తర్వాత అవతలి వాళ్ల డెక్కర్ దిగాడు. ఆ పాత్రంటే ఈయనకు ఎంత ముద్దో చూసిన వాళ్లకు తెలుసు. దిగీ దిగగానే, ఇటు పాచిక కదలకముందే, "ఇద్దరూ కనబడ్డరు. డేటా స్పైక్ కొట్టిండు, నీ చెయ్యి ఖతం" అన్నాడు. డేటా స్పైక్ అంటే వస్తువుని పాడుచేసే హ్యాకింగ్ దెబ్బ.

బావ మెల్లగా అడిగాడు, "వైర్‌లెస్ ఆఫ్‌లో ఉంది కదన్నా?"

"ఆఫ్‌లో ఉంటే ఏంది? వంద మీటర్ల లోపలున్నరు. వంద మీటర్ల లోపల అన్నీ కనబడతయ్."

ఇక్కడే నాకు మండింది. 100 మీటర్ల లోపల తనంతట తానే కనబడేది సైలెంట్‌లో లేని ఐకాన్, అంటే మ్యాట్రిక్స్‌లో వస్తువుకుండే గుర్తు, మాత్రమే. సైలెంట్‌లో ఉన్నదాన్ని పట్టాలంటే అవతలివాడు ముందు మ్యాట్రిక్స్ పర్సెప్షన్ అనే వెతుకులాట పాచికలు వేసి, చుట్టుపక్కల దాక్కున్నది ఏదైనా ఉందా అని తెలుసుకోవాలి. ఉందని తేలాక మళ్లీ పోటీ పడాలి. వాడి కంప్యూటర్ ప్లస్ ఇంట్యూషన్‌కి ఎదురుగా నా లాజిక్ ప్లస్ స్లీజ్, ఇవన్నీ పాత్రకీ డెక్‌కీ ఉండే అంకెలు, వాటిని బట్టే పాచికలు. వాడికి ఎక్కువ హిట్లు, అంటే గెలుపు పాచికలు, పడితేనే నేను దొరికినట్టు. సమానంగా పడినా నేను దాక్కున్నట్టే. దాక్కున్నవి ఒకటికి మించి ఉంటే అందులో ఏది దొరుకుతుందో కూడా వాడి ఇష్టం కాదు. ఇవేవీ జరగలేదు. నా చేతికి పాచికలే రాలేదు.

అంటే సాయంత్రమంతా సైలెంట్ పేరు చెప్పి నా దగ్గర రెండేసి పాచికలు కోసుకున్నాడు, తీరా సైలెంట్ పనికొచ్చే ఒక్క ఘడియలో సైలెంట్ లేనే లేదన్నాడు. టికెట్ డబ్బులు తీసుకుని బస్సెక్కనివ్వని కండక్టర్‌ని ఇప్పుడే చూశాను.

బావ చెయ్యి సంగతి ఇంకా అన్యాయం. వైర్‌లెస్ ఆఫ్ చేసిన వస్తువుకి మ్యాట్రిక్స్‌లో ఐకానే ఉండదు. దాన్ని హ్యాక్ చేయాలంటే పక్కకొచ్చి కేబుల్ గుచ్చాలి. గోడ అవతల కూర్చున్నవాడికి అది ఎలా దొరికింది? మార్కు, అంటే ముందే హ్యాక్ చేసి సంపాదించుకునే అనుమతి, లేకపోయినా డేటా స్పైక్ కొట్టొచ్చు, అది నిజమే, కానీ ముందు కనబడాలి కదా. సరే, కనబడిందనే అనుకుందాం. మామూలు సైబర్ చెయ్యికి డివైస్ రేటింగ్, అంటే వస్తువు సత్తా అంకె, 2. మ్యాట్రిక్స్ దెబ్బలకు 8, రేటింగ్‌లో సగం 1, మొత్తం తొమ్మిది గళ్లు. ఆ తొమ్మిదీ నిండితేనే అది బ్రిక్, అంటే పనిచేయని ఇటుక. దెబ్బ తట్టుకోవడానికి డివైస్ రేటింగ్, ఫైర్‌వాల్ (రక్షణ అంకె) కలిపి అన్ని పాచికలు వేసుకోవాలి. ఈయన అదీ వేయనివ్వలేదు.

ఫోన్‌లో మ్యాట్రిక్స్ అధ్యాయం తెరిచి ఆయన ముందు పెట్టాను. గొంతు కూడా పెంచలేదు. ఆయన చదవలేదు. నా ఫోన్‌ని బోర్లా తిప్పి పక్కకు నెట్టాడు. "మిర్యాలగూడెం నుంచి బస్సెక్కొచ్చి నాకు రూల్సు నేర్పుతున్నవా? ఈ టేబుల్ కాడ నేనే పుస్తకం" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. తర్వాత ఆయన బావ క్యారెక్టర్ షీటు లాక్కుని, వాడు ఎన్నో రాత్రులు కూర్చుని పెన్సిల్‌తో రాసుకున్న షీటు అది, ఎర్ర పెన్నుతో చెయ్యి ఉన్న గడి మీద అడ్డంగా గీత కొట్టాడు. గీత అవతలి వైపు దాకా దిగింది. బావ ఏమీ అనలేదు, షీటు మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు ఐదు వేల కంటే అదే ఎక్కువ గుచ్చుకుంటోంది.

ఆడించేవాడికి రూలు మార్చుకునే హక్కుంది. దాని మీద నాకు గొడవే లేదు. "నా టేబుల్‌లో సైలెంట్ పనిచేయదు" అని మొదటిరోజే చెబితే నేను డెక్కర్‌ని తీసుకునేవాణ్ణే కాదు, నా రెండు పాచికలు నా దగ్గరే ఉండేవి.

తిరుగు బస్సులో ఆ ఘనమైన కార్డు తీరిగ్గా చదివాను. "6 మీటర్లు దాటితే హ్యాకింగ్ కుదరదు" అని ఉంది. అది సైబర్‌పంక్ రెడ్‌లో, 2020లో వచ్చిన వేరే ఆటలో, యాక్సెస్ పాయింట్‌కి, అంటే నెట్‌వర్క్‌లోకి దూరే చోటికి, ఉన్న దూరం. దాని కిందే క్విక్‌హ్యాక్‌లట (చటుక్కున కొట్టే హ్యాక్‌లు), సైబర్‌పంక్ 2077 వీడియో గేమ్‌లోవి. ఓవర్‌వాచ్ స్కోరు, అంటే హ్యాకర్ మీద పెరిగే నిఘా లెక్క, 40కి చేరితే పట్టుబడతారన్న లైను ఒక్కటే షాడోరన్‌ది. లామినేషన్ మాత్రం చాలా గట్టిగా ఉంది.

మిగిలిన రెండు ఆదివారాల డబ్బు అడిగితే "సీటు ఇచ్చిన, లేచిపోయింది నువ్వే" అని ఒక్క మెసేజ్ పెట్టి ఇద్దరినీ గ్రూపులోంచి తీసేశాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేద్దామా అన్నాడు బావ. హ్యాకింగ్‌లో మోసపోయామని చెబితే అకౌంట్ నంబర్ అడుగుతారు, సైబర్ చెయ్యి అని చెప్పాలా?

ఇక మీరు. ఎవరికైనా సీటు డబ్బు కట్టే ముందు ఏ ఎడిషనో అడగండి. సైలెంట్‌లో ఉన్న ఐకాన్‌ని ఎలా పట్టుకుంటారో, వైర్‌లెస్ ఆఫ్ చేసిన చెయ్యిని ఎలా హ్యాక్ చేస్తారో మెసేజ్‌లో రాయించుకోండి. ఒక వారానికి మించి ముందే కట్టకండి. నల్గొండ, మిర్యాలగూడ, సూర్యాపేట వైపు ఐదో ఎడిషన్ ఆడేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఇద్దరం వస్తాం. బజ్జీలు మేమే తెస్తాం.