తుఫాను రోజుల్లో టీవీ వార్తలు: గోదావరి డెల్టాకి ఎంతవరకు పనికొస్తాయి?

బంగాళాఖాతంలో అల్పపీడనం పడిన దగ్గర్నుంచి తుఫాను తీరం దాటి బలహీనపడే దాకా మన ఇరవైనాలుగు గంటల వార్తా చానెళ్లు ఇచ్చే ప్రసారాన్ని ఒక సేవగా తీసుకుని, డెల్టా మనిషి అవసరంతో తూచి చూస్తే ఐదుకి రెండు మార్కులు. ఆ రెండూ తీరం దాటిన తర్వాత చూపించే వార్తలకే. అంతకు ముందు రెండు మూడు రోజుల ప్రసారానికి మార్కులు వెయ్యడానికి మాకు మనసు రావడం లేదు. ఇది ఏ ఒక్క చానెల్ గురించో కాదు, పద్ధతి దాదాపు అన్నిచోట్లా ఒకటే.

కోనసీమ తీరంలో అంతర్వేదిలోనో, ఓడలరేవులోనో, కాట్రేనికోనలోనో ఉన్నవాళ్లకి తుఫాను ముందు తెలియాల్సినవి కొన్నే. కేంద్రం మనకి ఉత్తరాన దాటుతుందా, దక్షిణాన దాటుతుందా? ఎన్ని గంటలకి దాటుతుంది, ఆ వేళకి సముద్రం పోటు మీద ఉంటుందా, పాటు మీద ఉంటుందా? వాన ఎంత పడుతుంది? వాతావరణ శాఖ బులెటిన్‌లో దాటే చోటు, సమయం, గాలి, వాన, ఉప్పెన ఎత్తు అన్నీ ఉంటాయి. పోటు వేళలు పోర్టు పట్టికల్లో దొరుకుతాయి. టీవీ వాటిని పక్కన పెట్టి ‘ముంచుకొస్తున్న ముప్పు’ అన్న ఒక్క ముక్క పట్టుకుంటుంది.

ఉత్తరం, దక్షిణం అని అంత పట్టు పట్టడానికి కారణం ఉంది. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది. తుఫాను పడమరగానో వాయవ్యంగానో నడిచి మన తీరం ఎక్కేటప్పుడు, కేంద్రానికి కుడి పక్కన, అంటే ఉత్తరాన ఉన్న ఊళ్ల మీదకి గాలి సముద్రం నుంచి నేల మీదకి వీస్తుంది. నీళ్లని కూడా తోసుకొస్తుంది. ఎడమ పక్కన గాలి నేల నుంచి సముద్రంలోకి పోతుంది, అక్కడ ఉప్పెన భయం బాగా తక్కువ. తుఫాను నరసాపురం దగ్గర దాటితే కోనసీమ తీరమంతా కుడి పక్కన పడుతుంది. అదే తుఫాను తుని దగ్గర దాటితే కోనసీమ ఎడమ పక్కకి వెళ్లిపోతుంది. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర దాటినప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇదే.

ఇంకో సంగతి. 24 గంటల ముందు వేసే మార్గం అంచనాలో సగటున 80 కి.మీ. దాకా తేడా వస్తుంది. నరసాపురం నుంచి కాకినాడకి తిన్నగా గీత గీస్తే దూరం కూడా అంతే. అందుకే బులెటిన్ పటంలో గీతకి ఇరువైపులా వెడల్పయ్యే గరాటు వేస్తారు. టీవీ ఆ గరాటుని చెరిపేసి ఒక్క గీత, దాని చివర ఒక ఎర్ర చుక్క చూపిస్తుంది. చుక్క పడిన ఊరు హడలిపోతుంది, పక్క ఊరు తనకేమీ లేదనుకుంటుంది. రెండూ తప్పే.

పోర్టు హెచ్చరికల దగ్గర జరిగే తప్పు ఇంతకన్నా పెద్దది. కాకినాడ పోర్టులో ఎనిమిదో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, తొమ్మిదికి పెంచారు, పదికి పెంచారు అంటూ పరీక్ష మార్కులు చదివినట్టు చదువుతారు. నిజానికి ఐదు, ఆరు, ఏడు ఒక జట్టు; ఎనిమిది, తొమ్మిది, పది ఇంకో జట్టు. మొదటి జట్టు తుఫానుకి, రెండోది తీవ్ర తుఫానుకి. ఒకే జట్టులో నంబరు మారితే తీవ్రత మారినట్టు కాదు, తుఫాను ఏ పక్కగా పోతుందో మారినట్టు. తుఫాను దారికి పోర్టు ఎడమన ఉంటే ఐదు లేదా ఎనిమిది, కుడిన ఉంటే ఆరు లేదా తొమ్మిది, పోర్టు మీదుగానో బాగా దగ్గరగానో పోతే ఏడు లేదా పది. పదకొండు హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని చెప్పేది. ఎనిమిది తీసి తొమ్మిది పెట్టారంటే కాకినాడ కుడి పక్కకి వచ్చిందని అర్థం. పైన చెప్పిన ఉత్తర దక్షిణాల ప్రశ్నకి అదే జవాబు. ఆ జవాబు టీవీ చేతిలో పడుతుంది, టీవీ దాన్ని భయానికి లెక్కగా వాడి పారేస్తుంది. ఒకటో రెండో నంబరు ఎగిరినప్పుడు కూడా ఇంతే హడావిడి. అవి దూరంగా సముద్రంలో ఉన్న వాయుగుండం, తుఫానుల గురించి ఓడలకి చెప్పేవి.

గాలి వేగం సంగతి. బులెటిన్‌లో ‘90 నుంచి 100, ఒక్కోసారి 110 కి.మీ.’ అని ఉంటుంది. మొదటివి మూడు నిమిషాల సగటు, చివరిది క్షణకాలం వచ్చే విసురు. టీవీలో 110 ఒక్కటే మిగులుతుంది. ఇంటి మీదా చెట్టు మీదా గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 90ని 110 అని చెప్తే ఒత్తిడిని ఒకటిన్నర రెట్లు చేసి చెప్పినట్టు. అమెరికా నౌకాదళ తుఫాను హెచ్చరికల కేంద్రం ఒక నిమిషం సగటు తీసుకుంటుంది. అదే తుఫానుకి దాని అంకె పెద్దదిగా కనిపిస్తుంది. చానెళ్లు చాలాసార్లు ఆ పెద్ద అంకెనే ఎత్తుకుంటాయి. దీనికి తోడు, తుఫాను కదిలే వేగాన్నీ లోపలి గాలి వేగాన్నీ కలిపేస్తారు. ‘గంటకి 15 కి.మీ. వేగంతో దూసుకొస్తోంది’ అంటారు. 15 చాలా మామూలు నడక. అది 5కి తగ్గితే మనకి కష్టం ఎక్కువ, ఎందుకంటే ఒకేచోట గంటల తరబడి వాన కుమ్మరిస్తుంది.

టైము కూడా చూసుకోవాలి. బులెటిన్‌లో తుఫాను ఉన్న చోటు ఉదయం 5:30, 8:30, 11:30 లాంటి వేళలది. 8:30 నాటి చోటుని మధ్యాహ్నం పన్నెండింటికి ‘ఇప్పుడే అందిన వార్త’గా వేస్తే ఈలోపు తుఫాను యాభై కిలోమీటర్లు నడిచేసి ఉంటుంది.

‘కోస్తాంధ్ర, యానాంలకి భారీ వర్షసూచన’ అన్న స్క్రోలింగు మన దగ్గర చాలామందిని తికమక పెడుతుంది. అది వాతావరణ శాఖ విభాగం పేరు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా అంతా అందులోదే. యానాం పేరు కనిపించింది కదా అని ముమ్మిడివరంలో కంగారు పడనక్కర్లేదు, జిల్లాల వారీ జాబితా చూడాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక రాజమహేంద్రవరం కేంద్రంగా ఉన్న తూర్పుగోదావరికి సముద్రమే లేదు. అయినా ‘ఉభయగోదావరి జిల్లాల తీరం’ అన్న పాత మాట ఇంకా వినిపిస్తోంది. తీరం ఉన్నవి కాకినాడ, కోనసీమ, పశ్చిమగోదావరి.

దృశ్యాల విషయంలో కాకినాడ దగ్గరి ఉప్పాడ ఒక్కటే చాలు ఉదాహరణకి. ఏ తుఫానుకైనా మొదట చూపించేది ఉప్పాడ బీచ్ రోడ్డు మీద విరుచుకుపడే అల. ఉప్పాడ తీరం ఎన్నో ఏళ్లుగా కోసుకుపోతున్నది. హోప్ ఐలాండ్ కాకినాడ తీరానికి అడ్డు నిలిచినట్టు ఉప్పాడకి నిలవదు. తుఫాను ఎక్కడో వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నా, పోటు మీద అల రోడ్డెక్కుతుంది. ఆ దృశ్యంతో అంతర్వేది పరిస్థితి అంచనా వెయ్యడం కుదరదు. పాత తుఫాను దృశ్యాలు కలిపేస్తారన్న ఫిర్యాదు కూడా కొత్తది కాదు. ప్రకృతి విపత్తుల దృశ్యాల మీద తేదీ, సమయం వెయ్యమని కేంద్ర సమాచార ప్రసార శాఖ 2024 ఆగస్టులో ప్రైవేటు చానెళ్లకి సూచించింది. తేదీ లేని దృశ్యం కనిపిస్తే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

మోకాలి లోతు నీళ్లలో నిలబడి, గాలికి ఊగుతూ మాట్లాడే రిపోర్టర్ల మీద మాకు కోపం లేదు, వాళ్ల ప్రాణాల మీద దిగులుంది. ఆ పద్ధతి మన దగ్గర పుట్టింది కాదు. 2018 సెప్టెంబరులో అమెరికాలో ఫ్లోరెన్స్ తుఫాను వేళ ఒక రిపోర్టర్ గాలికి ఎదురొడ్డుతున్నట్టు కాళ్లు తన్ని నిలబడితే, వెనకాల ఇద్దరు మనుషులు మామూలుగా నడిచి వెళ్లడం లోకమంతా చూసింది. 2023 జూన్‌లో బిపర్‌జాయ్ తుఫాను వేళ మన దేశంలోనే ఒక యాంకర్ స్టూడియోలో గొడుగు పట్టుకుని ఊగిపోయింది. ఇలాంటివి చూసి చూసి, నిజంగా ఖాళీ చెయ్యమన్న రోజున జనం కదలరు. 2013 నవంబరులో లెహర్ తుఫాను సముద్రంలో అతి తీవ్ర తుఫానుగా ఉండి, మచిలీపట్నం దగ్గర వాయుగుండంగా తేలిపోయింది. తగ్గుతున్న సంగతి బులెటిన్లు చెప్తున్నా, ముందురోజు మోగిన గొంతు అంత తొందరగా తగ్గదు. ‘పోయినసారీ ఇలాగే అన్నారు’ అన్న మాట అలా పుడుతుంది. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమలో వెయ్యి మందికి పైగా పోయారు. ఆ తుఫాను విస్తీర్ణం చిన్నది, దెబ్బ పెద్దది. అలాంటిది మళ్లీ వస్తే మాట వినే జనం ఉండాలి.

రైతుకి జరిగే నష్టం టీవీ లెక్కలోకే రాదు. అక్టోబరు, నవంబరు తుఫాన్లు సార్వా (ఖరీఫ్) చేను పండే వేళకే వస్తాయి. టీవీ కేకలకి భయపడి పచ్చి మీదున్న చేను కోయిస్తే పనలు నీళ్లలో నానతాయి. నిలబడిన చేను వానని కొంత తట్టుకుంటుంది, కోసి పరిచిన పన తట్టుకోదు. కోత అయిపోయి ఎండి ఉంటే కుప్ప వేసి బరకం కప్పాలి. కొయ్యకపోతే ఆపాలి. మిషనుతో కోయించినా తేమ 17 శాతం మించితే కొనుగోలులో ఇబ్బంది. పడిపోయిన చేలోనూ తడిసిన పనల మీదా మొలక రాకుండా 5 శాతం ఉప్పు నీళ్లు కొట్టాలి. లీటరుకి 50 గ్రాములు, ఎకరానికి 200 లీటర్ల నీళ్లకి 10 కిలోల ఉప్పు. ఇది చెప్పడానికి పది సెకన్లు చాలు. భీమవరం వైపు చేపల, రొయ్యల చెరువులకీ అంతే: మబ్బు పట్టిన రోజుల్లో నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, మేత తగ్గించాలి, కరెంటు ముందుజాగ్రత్తగా తీసేస్తారు కాబట్టి ఏరేటర్ల జనరేటరుకి డీజిల్ ముందే నింపుకోవాలి.

మంచి కూడా చెప్పాలి. తీరం దాటాక మండలాల్లోని విలేకరులు చేసే పని నిజంగా గొప్పది. ఏ రోడ్డు తెగింది, ఏ రైలు రద్దయింది, ఏ లంకకి పడవ కావాలి అన్నవి టీవీలోనే ముందు తెలుస్తాయి. అయితే ఒక్క రోజుకే కెమెరాలు వెళ్లిపోతాయి. డెల్టాలో అసలు ముంపు ఆ తర్వాతే. డ్రెయిన్లు సముద్రంలో కలిసే మొగల దగ్గర ఇసుక మేట వేసి, పోటు ఎదురు తన్నితే డ్రెయిన్లు లాగవు, చేలో నీళ్లు రోజుల తరబడి నిలిచిపోతాయి. వాన కూడా తీరంతో ఆగదు. మొంథా దాటిన మర్నాడు వరంగల్, హనుమకొండ మునిగాయి.

టీవీకి బదులుగా ఏం వాడాలంటే, తుఫానుగా మారాక మూడు గంటలకొకసారి వచ్చే వాతావరణ శాఖ బులెటిన్, మచిలీపట్నం, విశాఖ రాడార్ చిత్రాలు, ఫోనులో ప్రభుత్వ విపత్తు యాప్ సచేత్ హెచ్చరికలు, బ్యాటరీ రేడియోలో ఆకాశవాణి. సాయానికి 1070, 112. వాతావరణ యాప్ విండీలో కనిపించే రంగుల పటం అంచనా మాత్రమే, కొలిచిన గాలి కాదు. గట్టి వానలో డిష్ సిగ్నల్ పోతుంది, కరెంటు పోతే కేబుల్ పోతుంది. అంటే అసలు గంటల్లో టీవీ ఎలాగూ ఉండదు.

అప్పుడు గాలి దిక్కే సమాచారం. గాలికి వీపు పెట్టి నిలబడితే తుఫాను కేంద్రం ఎడమ చేతి వైపు ఉంటుంది. ఈశాన్యం గాలి తూర్పుకి, ఆగ్నేయానికి తిరుగుతుంటే మీరు కుడి పక్కన ఉన్నారు, ఉప్పెన జాగ్రత్త. ఉత్తరానికి, పడమరకి తిరుగుతుంటే ఎడమ పక్కన. జోరు మీదున్న గాలి ఒక్కసారిగా ఆగిపోతే తుఫాను కన్ను, అంటే నడిమధ్య గాలి లేని చోటు, మీ మీద ఉన్నట్టు. బయటికి రాకండి, తలుపు తెరవకండి. మళ్లీ వచ్చే గాలి ఎదురు దిక్కు నుంచి వస్తుంది.