ఆన్‌లైన్ బ్రిడ్జ్ టోర్నీల్లో గడియారం: ఐదేళ్లకు పైగా ఆడాక నా మాట

బ్రిడ్జ్ అంటే నలుగురు రెండు జతలుగా ఆడే పేకాట. ఆ రోజు మాది నాలుగు ఇస్పేట్ల కాంట్రాక్ట్, అంటే ఇస్పేటు తురుపుగా పదమూడు ట్రిక్కుల్లో (పట్టుల్లో) పది గెలుస్తామన్న మాట. ఎనిమిది ట్రిక్కులు అయ్యాయి, ఏడు మావి, ఒకటి వాళ్లది. చేతిలో మిగిలిన ఐదు ముక్కల్లో నాలుగు ఖాయంగా మావే. టైం తక్కువ ఉందని క్లెయిమ్ నొక్కాను, అంటే మిగతా ముక్కలు వెయ్యకుండానే ఇన్ని ట్రిక్కులు మావని చెప్పడం. ప్రత్యర్థుల్లో ఒకరు ఒప్పుకున్నారు, రెండో ఆయన నొక్కలేదు. ఆయన నొక్కేలోపే రౌండ్ అయిపోయింది, స్క్రీన్ మీద కొత్త టేబుల్ వచ్చేసింది. ఆ బోర్డుకు (ఒకసారి పంచిన ముక్కల ఆటను బోర్డంటారు) రెండు జతలకూ చెరి 50 శాతం పడింది. మామూలుగా అయితే అవే ముక్కలు ఆడిన మిగతా జతలతో పోల్చి ఈ శాతం ఇస్తారు.

రౌండుకు రెండు బోర్డులు, బోర్డుకు ఏడు నిమిషాలు, మొత్తం పద్నాలుగు. అందులో మొదటి బోర్డే పది నిమిషాలు తినేసింది. ఆ బోర్డు ఆడింది వాళ్లు, మూడు నోట్రంప్ (తురుపు లేని కాంట్రాక్ట్). ప్రతి ముక్కకూ ఆలోచించారు. నేను టోర్నీ నడిపే డైరెక్టర్‌కు మెసేజ్ పెడితే "గడియారం అందరికీ ఒకటే" అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. పన్నెండు బోర్డుల టోర్నీ అది. తర్వాత ఫలితాలు చూస్తే చాలామంది పది ట్రిక్కులే చేశారు, మా పదకొండుకు సుమారు 80 శాతం వచ్చేది. 30 శాతం తేడాను పన్నెండుతో భాగిస్తే మొత్తం స్కోరులో రెండున్నర శాతం. మూడో స్థానంలో ఉండాల్సిన వాళ్లం ఎక్కడో కిందికి జారాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాది హనుమకొండ. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా నాన్న కాజీపేటలో రైల్వే ఉద్యోగి, బ్రిడ్జ్ నాకు ఆయనే నేర్పారు. పెళ్లయ్యాక ఆట పోయింది. 2020 లాక్‌డౌన్‌లో మంచిర్యాలలో ఉండే మా బావ ఫోన్ చేసి, "అమ్మాయ్, నాన్న నేర్పింది గుర్తుందా, ఆన్‌లైన్‌లో ఆడదాం రా" అన్నాడు. సింగరేణిలో చేసి రిటైరైన మనిషి, పొద్దుపోక అల్లాడుతున్నాడు. అప్పటినుంచి వారానికి రెండు మూడు టోర్నీలు కలిసి ఆడుతున్నాం. మన దగ్గర పేక ముక్కలంటే రమ్మీనే గుర్తొస్తుంది, పైగా డబ్బు పెట్టి ఆన్‌లైన్ రమ్మీ ఆడటాన్ని తెలంగాణలో 2017లోనే నిషేధించారు. అందుకే నేను ఫోన్‌లో పేక ఆడతానంటే చుట్టాలు అదోలా చూసేవాళ్లు. డూప్లికేట్ బ్రిడ్జ్‌లో పైసా పందెం అక్కర్లేదనీ, అందరికీ అవే ముక్కలు వస్తాయి కాబట్టి ఎవరు బాగా ఆడారో మాత్రమే లెక్క అనీ చెప్పి చెప్పి ఒప్పించాను. అవే ముక్కలు అందరికీ ఇచ్చే ఆటలో టైం విషయంలో మాత్రం అన్యాయం జరిగితే ఎందుకు ఊరుకోవాలి?

ఇది ఏ ఒక్క యాప్ గురించో కాదు. రెండు మూడు చోట్ల ఆడాను, అన్నిచోట్లా పద్ధతి దాదాపు ఒకటే. టోర్నీలు రెండు రకాలు. గడియారం ఉన్న వాటిలో టైం అవగానే అందరూ ఒకేసారి తర్వాతి టేబుల్‌కు కదులుతారు. గడియారం లేని వాటిలో మీ బోర్డులు మీరు మీ వేగంతో ఆడుకోవచ్చు, మొత్తం టోర్నీకి మాత్రం ఒక గడువు ఉంటుంది. రెండోది హాయిగా ఉంటుంది కానీ, చివర్లో ఒక్క టేబుల్ కోసం అందరూ ఫలితాలకు ఎదురుచూడాలి. నాకు మొదటిదే ఇష్టం. టైం పరిమితి ఉండాల్సిందే. క్లబ్‌లో ఎదురెదురుగా ఆడినా బోర్డుకు ఏడెనిమిది నిమిషాలే ఇస్తారు.

గొడవంతా ఆ టైం ఎవరు వాడారన్న దగ్గరే. చదరంగంలో ఇద్దరికీ చెరో గడియారం, ఎవరి టైం అయిపోతే వాళ్లే ఓడిపోతారు. బ్రిడ్జ్‌లో టేబుల్ మొత్తానికి ఒకే గడియారం. నలుగురున్నారు, అందులో డిక్లేరర్ (కాంట్రాక్ట్ ఆడేవాడు) తన ముక్కలతో పాటు పార్ట్‌నర్ పరిచిన ముక్కలూ ఆడతాడు, డమ్మీ అనే ఆ పార్ట్‌నర్ ఏమీ చెయ్యడు, మనిషి మనిషికీ వేరే గడియారం పెట్టడం కుదరదంటారు. నేను దాని మీద చాలా ఆలోచించాను. మనిషి వారీగా కాకుండా జత వారీగా చూడండి: డిక్లేరర్ పక్షం 26 ముక్కలు వేస్తుంది, వాళ్లను అడ్డుకునే డిఫెన్స్ పక్షం కూడా 26 ముక్కలే వేస్తుంది. కాంట్రాక్ట్ కోసం ముందు చేసే వేలంలోనూ (బిడ్డింగ్) వంతులు అటూ ఇటూ మారుతూనే వస్తాయి. డిక్లేరర్‌కు మొదట్లో ప్లాన్ వేసుకోడానికి కాస్త ఎక్కువ టైం కావాలి, నిజమే. కానీ టోర్నీ మొత్తం మీద ఒకసారి మేము డిక్లేరర్, ఒకసారి వాళ్లు. జతకు ఒక లెక్క పెట్టి చూస్తే ఎవరు నెమ్మదో తెలిసిపోతుంది. ప్రతి ముక్కా సర్వర్ ద్వారానే వెళ్తుంది కదా, ఆ లెక్క తీయడం కంప్యూటర్‌కు ఎంత పని?

ఇంకో సంగతి కొత్తగా ఆడేవాళ్లకు తెలియదు. బ్రిడ్జ్‌లో ఆలోచించడం కూడా ఒక సమాచారమే. ఎప్పుడూ టక్కున పాస్ చెప్పే పార్ట్‌నర్ ఈసారి పది సెకన్లు ఆగి పాస్ చెప్పాడంటే చేతిలో ఏదో ఉందన్నమాట. అది చూసి మనం బిడ్ మార్చకూడదు. డూప్లికేట్ బ్రిడ్జ్ నియమాల్లో 16వది, 73వది దాని గురించే. మరి ఆన్‌లైన్‌లో ఆ ఆగడం ఆలోచనో, నెట్ ఆగిపోవడమో ఎవరికి తెలుసు? మా బావ ఇంట్లో ఈదురుగాలి వచ్చిందంటే కరెంటు పోతుంది, ముక్క అరనిమిషం గాల్లో ఉంటుంది. ఒకసారి ప్రత్యర్థులు అది ఆలోచన అనుకుని డైరెక్టర్‌ను పిలిచారు. వాళ్ల తప్పేమీ లేదు, వాళ్లకు కనిపించింది అదే. 2023 జూలై చివర్లో వానలకు హనుమకొండలో కాలనీలు మునిగినప్పుడు నా నెట్ పూర్తిగా పోయింది. ఆ రోజు టోర్నీ డైరెక్టర్ నా చోట ఇంకొకరిని కూర్చోబెట్టి బావను ఆటలో నిలబెట్టాడు. బావ మరునాడు ఫోన్ చేసి మొదట ఇంట్లోకి నీళ్లొచ్చాయా అనే అడిగాడు, తర్వాతే స్కోరు చెప్పాడు.

నియమాలు లేక కాదు ఈ బాధ. 2017 నాటి డూప్లికేట్ బ్రిడ్జ్ నియమాల్లో 12వది చదవండి. బోర్డుకు ఫలితం తేల్చలేకపోతే, నేరుగా తప్పు చేసిన జతకు ఎక్కువలో ఎక్కువ 40 శాతం, కొంత బాధ్యత ఉన్నవాళ్లకు 50, ఏ తప్పూ లేనివాళ్లకు కనీసం 60. చెరి 50 అంటే తప్పు ఇద్దరిదీ సగం సగం అని తీర్పు చెప్పినట్టే, అదీ ఎవరూ విచారించకుండానే. 90వ నియమం ప్రకారం మరీ నెమ్మదిగా ఆడే జతకు పెనాల్టీ వెయ్యొచ్చు. 92వది నాకు ఆలస్యంగా తెలిసింది: నిర్వాహకులు వేరే గడువు పెట్టకపోతే, స్కోర్లు అధికారికంగా వచ్చిన 30 నిమిషాల్లోపు తీర్పు అడిగే హక్కు మనకుంది. ఆ ఇస్పేట్ల బోర్డు రోజున ఇది తెలిసి ఉంటే ఒక్క జవాబుతో ఊరుకునేదాన్ని కాదు.

వేరే టోర్నీలో ఒక డైరెక్టర్ పని చూశాక ఇది సాధ్యమేనని నమ్మకం కుదిరింది. ఆయన టోర్నీ మొదలయ్యే ముందే రాసి పెడతాడు: రౌండ్‌లో మూడు నిమిషాలకన్నా తక్కువ మిగిలితే కొత్త బోర్డు మొదలుపెట్టరు, క్లెయిమ్ నొక్కాక టైం అయితే ఆ క్లెయిమ్‌ను చూసి ఫలితం ఇస్తారు, బిడ్‌కు అర్థమేంటని వివరణ అడిగాక జవాబు ఆలస్యమైతే ఆ ఆలస్యం జవాబు చెప్పాల్సిన వాళ్లది. ఎవరైనా పిలిస్తే బోర్డు రికార్డు తెరిచి, ముక్క ముక్కా చూసి, రెండు పక్షాలనూ అడిగి చెబుతాడు. మొదటిసారి నెమ్మదైతే హెచ్చరిక, రెండోసారి 40–60. వయసు పెద్దవాళ్లు మౌస్ పట్టుకోడానికి తడబడితే ఒకటి రెండు సార్లు ఓపిక పడతాడు. అదీ అందరికీ ఒకేలా. ఈ ఆటకు వయసు అడ్డు కాదు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో పురుషుల జతల బ్రిడ్జ్‌లో మనకు బంగారు పతకం తెచ్చిన ప్రణబ్ బర్ధన్‌కు అప్పుడు 60 ఏళ్లు, శివనాథ్ సర్కార్‌కు 56. పెద్దవాళ్లను తరిమేసే గడియారం ఈ ఆటకు పనికిరాదు. అలాగని వయసు పేరు చెప్పి ఎదుటివాళ్ల టైం తినెయ్యడమూ సరికాదు.

మా తప్పు కూడా ఒకటుంది. ఆ డైరెక్టర్ టోర్నీలోనే ఒక రాత్రి బావ ఆరు డైమన్ల కాంట్రాక్ట్‌లో ఆఠీను రాణి ఎవరి దగ్గరుందో తేల్చుకోలేక నాలుగు నిమిషాలు కూర్చున్నాడు. రెండో బోర్డు సగంలో ఆగిపోయి చెరి 50 పడింది. ఎదుటివాళ్లు కొత్తవాళ్లు, ఏమీ అడగలేదు. నేను బావకు ఫోన్ చేసి, "బావా, ఇది మనదే కదా" అన్నాను. "అవును, రాసెయ్" అన్నాడు. డైరెక్టర్‌కు మెసేజ్ పెట్టాను. ఆయన రికార్డు చూసి మాకు 40, వాళ్లకు 60 వేశాడు. ఆ జత మాకు థ్యాంక్స్ చెప్పింది. ఇప్పుడు వారం వారం కనిపిస్తుంటారు, క్లెయిమ్ నొక్కితే వెంటనే చూసి జవాబిస్తారు.

పేర్లు నమోదు చేసుకునేముందు మీరు చూడాల్సింది ఇదే. టైం అయిపోతే ఏం చేస్తారో నిర్వాహకులు ముందే రాశారా? రాయకపోతే మెసేజ్ పెట్టి అడగండి. జవాబు రాకపోతే ఎంత పెద్ద టోర్నీ అయినా వదిలెయ్యండి. మీ వైపు నుంచి మీ బిడ్‌ల వివరణలు ముందే టైప్ చేసి పెట్టుకోండి, ట్రిక్కులు ఖాయమైన వెంటనే క్లెయిమ్ చెయ్యండి, ఇంటి నెట్‌తో పాటు ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోండి. మేం ఆ "అందరికీ ఒకటే" టోర్నీ మానేసి రెండేళ్లయింది. గురువారం రాత్రి ఏడున్నరకు ఈ రెండో డైరెక్టర్ టోర్నీలో కూర్చుంటాం. బావ ఏడుంబావుకే ఫోన్ చేసి, "హాట్‌స్పాట్ ఆన్ చేశావా అమ్మాయ్" అని అడుగుతాడు.