విజయనగరంలో కొన్న పొద్దుతిరుగుడు పప్పు: మనుషులకు, కుక్కకు, పిట్టలకు

విజయనగరం గంటస్తంభానికి దగ్గరలో ఎండుఫలాలు అమ్మే ఒక దుకాణంలో మూడు నెలలుగా పొద్దుతిరుగుడు పప్పు కొంటున్నాను. మా ఇంట్లో ఆ పప్పు మనుషులతో పాటు పన్నెండు కిలోల కుక్కకూ, పంజరంలోని రెండు లవ్‌బర్డ్స్‌కూ చేరుతుంది కనుక, సరుకు నాణ్యతతో పాటు ఎవరికి ఏది పెట్టవచ్చో కూడా రాస్తున్నాను.

ఒలిచిన, ఉప్పు వేయని పచ్చిపప్పు ఇక్కడ నిజంగా బాగుంటుంది. నూక తక్కువ. వేళ్ల మధ్య నలిపితే జిడ్డు తెలుస్తుంది గానీ పాతనూనె వాసన రాదు. ఆ వాసనను నేను ప్రతిసారీ చూస్తాను, ఎందుకంటే ఈ పప్పు బరువులో సగం కొవ్వే. గాలీ వేడీ తగిలితే అది త్వరగా పాడవుతుంది, తేమ తగిలితే బూజు పడుతుంది. చేదెక్కిన పప్పును మనుషులకైనా జంతువులకైనా పెట్టకూడదు. మంచి పప్పు 100 గ్రాములలో సుమారు 580 కేలరీలు, 20 గ్రాముల ప్రోటీను, 35 మిల్లీగ్రాముల విటమిన్ ఇ ఉంటాయి. అంత బలమైన ఆహారం కనుక పెద్దవాళ్లకు రోజుకు ఒక గుప్పెడు చాలు. ఈ మొక్క నేలలోని కాడ్మియం అనే లోహాన్ని ఇతర పంటలకన్నా ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి కూడా అతిగా తినడం మంచిది కాదు. నువ్వులు పడనివాళ్లు ఉన్నట్లే ఇది పడనివాళ్లూ ఉంటారు. పసిపిల్లలకు గింజలుగా ఇస్తే గొంతుకు అడ్డం పడవచ్చు. పొడి చేసి అన్నంలో కలిపి పెట్టడమే క్షేమం.

దుకాణంపై నా ఫిర్యాదు పొట్టుతో వేయించిన రకాల గురించి. ఉప్పుదీ మసాలాదీ పక్కపక్క సీసాలలో ఉంటాయి, రెండింటి మీదా ‘సన్‌ఫ్లవర్’ అన్న మాట తప్ప ఏమీ ఉండదు. మా అబ్బాయి తెచ్చిన మసాలా పొట్లం మంచం మీద ఉండగా కుక్క కాగితంతో సహా చింపి, పొట్టు కూడా మిగల్చకుండా తినేసింది. ఆ రాత్రి గిన్నెల కొద్దీ నీళ్లు తాగింది, తెల్లవారేసరికి రెండుసార్లు వాంతి చేసుకుంది, మర్నాడంతా విరేచనం కాక ముక్కుతూ తిరిగింది. పొట్టు అరగదనీ, పేగులో ముద్దగా పేరుకుంటే ఆపరేషన్ వరకూ వెళ్లవచ్చనీ, మసాలాలో ఉల్లి, వెల్లుల్లి పొడి ఉంటే కుక్కల ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయనీ పశువైద్యుడు చెప్పారు. వెంటనే దుకాణానికి వెళ్లి మసాలాలో ఏమేమి ఉన్నాయని అడిగితే, “ప్యాకింగు బయటి నుంచి వస్తుంది బాబూ, మాకు తెలీదు” అన్నారు. తినే వస్తువు అమ్మేవారి నుంచి ఆ జవాబు నాకు చాలా బాధ కలిగించింది. కుక్క మూడో రోజుకు కోలుకుంది. ఇప్పుడు దానికి ఉప్పులేని ఒలిచిన పప్పు, అదీ అప్పుడప్పుడు నాలుగైదు గింజలే పెడుతున్నాను. కొవ్వు ఎక్కువైతే కుక్కలకు క్లోమం వాచే ప్రమాదం ఉంది.

పిట్టల కోసం అక్కడ అమ్మే మిశ్రమంలో పొద్దుతిరుగుడే ఎక్కువ. పిట్టలు పొట్టును ముక్కుతో ఒలిచి పారేస్తాయి కాబట్టి పొట్టుతో చిక్కు లేదు, కానీ రోజూ అవే తింటే కొవ్వు పట్టి విటమిన్ ఎ లోపిస్తుంది. అందుకే మా పిట్టలకు కొర్రలు, తోటకూర పెట్టి, ఈ గింజలు వారానికి రెండు మూడే వేస్తున్నాను. చవకని విత్తనాల దుకాణంలో కొనవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. విత్తడానికి అమ్మే గింజలకు పురుగుమందు, శిలీంద్రనాశిని పట్టించి రంగు వేస్తారు, అవి ఎవరూ తినదగినవి కావు.

పచ్చిపప్పుకు ఈ దుకాణానికే వెళ్తాను, రుచి చూసి తీసుకోనిస్తారు కూడా. వేయించిన రకాలు కావలసినప్పుడు, దినుసుల పట్టిక, తయారీ తేదీ, పద్నాలుగు అంకెల ఆహార లైసెన్సు సంఖ్య ముద్రించిన ప్యాకెట్టు మరోచోట కొంటున్నాను.