రూడై రిజర్వాయర్, కొలరాడో: బోటింగ్ ఓకే, డ్యామ్ కింద మాత్రం అదుర్స్

డెన్వర్ మనవాళ్ళంతా ఆస్పెన్ వెళ్తే మెరూన్ బెల్స్ కొండల దగ్గర ఫోటోలు దిగి వచ్చేస్తారు గానీ, బసాల్ట్ అనే ఊరి నుంచి ఓ పదిహేను మైళ్ళు లోపలికి పోతే ఉండే ఈ రిజర్వాయర్ గురించి ఎవరూ చెప్పరు, అందుకే రాస్తున్నా. రోడ్డు ఏటి పక్కనే మెలికలు తిరుగుతూ పోతుంది, సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకుండా మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేస్కోండి.

నిండితే దాదాపు లక్షా రెండు వేల ఎకర అడుగులు, మన లెక్కలో 4.4 టీఎంసీ, అంటే గండిపేట కంటే కాస్త ఎక్కువే. మధ్యాహ్నం గాలి లేస్తుంది, సెయిల్ బోట్ల వాళ్ళకి పండగే, కయాక్ వేసుకున్నోళ్ళకి మాత్రం భుజాలు పడిపోతాయి. కింద ఊళ్ళో ఓ షాపులో కయాక్ అద్దెకి తీస్కున్నాం, ప్యాడిల్ జాయింట్ లూజు, అడిగితే టేప్ చుట్టి ఇచ్చాడు మహానుభావుడు, డబ్బులు కట్టే ముందే ఊపి చూస్కోండి.

మేం వెళ్ళింది ఆగస్టు చివర్లో, నీళ్ళు దిగిపోయి ఒడ్డు చుట్టూ మట్టి బయటపడి ఉంది. ఎందుకు దిగాయా అని చూస్తే దీని వెనక పెద్ద కథే ఉంది. 1968లో పూర్తయిన డ్యామ్ ఇది. పైన కొండల్లో నీళ్ళని సొరంగంలో తూర్పు వైపుకి తీసుకుపోయే ప్రాజెక్టు కడుతుంటే పడమటి వాళ్ళు మా నీళ్ళు పట్టుకెళ్తే మాకేంటని అడ్డం తిరిగారు, అలా వచ్చింది ఈ రిజర్వాయర్ (పోతిరెడ్డిపాడు గొడవ చూసిన మనకి వేరే చెప్పాలా). ఇందులో కొంత నీళ్ళు ఆయిల్ షేల్ (అంటే నూనె తీసే రాయి) కంపెనీలు కొంటాయని లెక్కేసుకున్నారు. రైఫిల్, పారాషూట్ అనే ఊళ్ళ అవతల కొండల్లో ఆ రాళ్ళలో కెరోజెన్ అని, వేడి చేస్తే నూనెగా మారే పదార్థం ఉంటుంది, బోరేస్తే నూనె రాదు, రాయిని బాగా కాల్చాలి, దుమ్ము అణచాలన్నా, కాల్చిన పిప్పి తడపాలన్నా, కరెంటుకైనా, కొత్తగా వెలిసే టౌన్లకైనా అన్నిటికీ నీళ్ళే. 2010లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ ఇచ్చిన లెక్క చూడండి, తవ్వి కాలిస్తే బ్యారెల్ నూనెకి 2 నుంచి 4 బ్యారెళ్ళ నీళ్ళు, భూమిలోనే వేడి చేస్తే 1 నుంచి 12 అట. ఒకటో పన్నెండో తేలనిదానికి ఎన్ని టీఎంసీలు పక్కన పెడతాం చెప్పండి!

ఆ కొనేవాళ్ళు అనుకున్నంతగా రాలేదనుకోండి. 1982 మే 2 ఆదివారం ఆయిల్ కంపెనీ ఎక్సాన్ 'కాలనీ' అనే తన ఆయిల్ షేల్ ప్రాజెక్టు ఆపేసింది, రెండు వేల మందికి పైగా రోడ్డున పడ్డారు, అక్కడ ఇప్పటికీ బ్లాక్ సండే అనే అంటారు. 2013లో షెల్ కంపెనీ కూడా సర్దేసింది. ఇక్కడి నీళ్ళలో చాలా భాగం ఏళ్ళ తరబడి అమ్ముడుపోలేదు, తర్వాత మెల్లగా ఊళ్ళ వాళ్ళూ నీటి సంస్థలూ కొనుక్కున్నారు. ఇంకొంత ఎండాకాలం చివర్లో కిందికి వదులుతారు, గ్రాండ్ జంక్షన్ దగ్గర కొలరాడో నదిలో అంతరించిపోయేలా ఉన్న చేపల కోసం. మాకు కనపడిన ఆ మట్టిలో వాటి వాటా కూడా ఉందన్నమాట, నాకైతే కంప్లైంట్ లేదు.

ఇప్పుడు అసలైన ఐటమ్, డ్యామ్ కిందకి దిగండి. టాయిలెట్ బౌల్ అని ఓ మడుగు ఉంటుంది, పేరు చూసి వెనక్కి పోకండి. రిజర్వాయర్లో ఉండే మైసిస్ అనే పిసరంత రొయ్యలు గేట్లోంచి కొట్టుకొచ్చి ఇక్కడ పడతాయి, అవి తిని ట్రౌట్ చేపలు భలే బలుస్తాయి. గాలం వాళ్ళు నడుం లోతు చల్లటి నీళ్ళలో వరసగా నిలబడి ఆ రొయ్యలాగే ఉండే తెల్ల ఈకల గాలాలు విసురుతుంటారు, పక్కవాడి తీగ తగలకుండా విసరడం కూడా ఓ ఆర్టే. మా బావమరిది గట్టు మీద పులిహోర తింటూ గంటసేపు అదే చూశాడు. లైసెన్స్ కావాలి, ఎర కుదరదు, రెయిన్‌బో ట్రౌట్ పడితే వదిలెయ్యాలి, పులుసు మీద ఆశ పెట్టుకోకండి.

నాలుగు స్టార్లు. ఇంత కథున్న చోట అది చెప్పే బోర్డు నా కంటికి ఒక్కటీ కనపడలేదు, ఒక స్టార్ దానికి కట్. బోటింగ్ కోసమే అయితే జులైలో పోండి, క్యాంప్ సైట్ వీకెండ్‌కి కావాలంటే బాగా ముందే బుక్ చేస్కోండి.